ఫుడ్ రీసెర్చ్ ఉద్యోగం: బరంపురం నుంచి జయపురం దాకా మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీకి వచ్చాక ఇంగ్లీషు. మైసూరులో ఫుడ్ టెక్నాలజీ చదివి, అప్పటినుంచి ఆహార పరిశోధనలోనే ఉన్నాను. పండక్కి ఊరెళితే మా వీధి అరుగు మీద ఒక చిన్న కౌన్సెలింగ్ సెంటర్ నడుస్తుంది. పిల్లలు, వాళ్ళ నాన్నలు, ఒకసారి జీడిపప్పు యూనిట్ ఓనరు, ఇంకోసారి స్వయం సహాయక సంఘం అక్కలు వచ్చారు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని మన తెలుగిళ్ళ నుంచి పదేపదే వచ్చిన ప్రశ్నలు ఇవి. అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను.

ఇంతకీ నువ్వు చేసేది వంటా, కెమిస్ట్రీయా?

మా పెద్దమ్మ ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఇది. రెండూ కాదు పెద్దమ్మా, రెంటికీ మధ్య మాటలు మోసే పని.

ఆహారం మీద శాస్త్రం చాలామంది చేస్తారు. ఒకరు పిండిలో ఏ పదార్థం ఎంతుందో తేలుస్తారు. ఒకరు బూజు ఎందుకు పట్టిందో చెబుతారు. ఒకరు యంత్రం గీస్తారు. వీళ్ళు కనిపెట్టినవి కలిపి, ఒక మామూలు మనిషి కొని తినగలిగే వస్తువుగానో, ఒక చిన్న యూనిట్ వాడుకోగలిగే పద్ధతిగానో మార్చడం మా పని. కంపెనీల్లో దీన్ని ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ అంటారు, ప్రాసెస్ డెవలప్‌మెంట్ అంటారు, అప్లికేషన్ సైంటిస్ట్ అంటారు. ప్రభుత్వ సంస్థల్లో సైంటిస్ట్, టెక్నికల్ ఆఫీసర్, ప్రాజెక్ట్ అసోసియేట్ అని రకరకాల పేర్లు. బోర్డు మీద పేరు ఏదైనా రోజు గడిచే తీరు ఒకటే: పొద్దున తేమ కొలతలు, మధ్యాహ్నం మెషీన్ దగ్గర ఆపరేటర్‌తో వాదన, సాయంత్రం పన్నెండు మందిని కూర్చోబెట్టి బిస్కెట్లు తినిపించి తొమ్మిది మెట్ల స్కేలు మీద మార్కులు వేయించుకోవడం. నడుమ బోలెడంత ఎక్సెల్.

ఫుడ్ సైన్స్, ఫుడ్ టెక్నాలజీ, న్యూట్రిషన్… అన్నీ ఒకటి కాదా?

కాదు. పఖాళ గిన్నె ముందు పెట్టుకుని చెప్తాను. మన ఇళ్ళలో చద్దన్నం అన్నా, పక్కింటి ఒడియావాళ్ళు పఖాళ అన్నా, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దుటికి పుల్లబడేదే.

ఆ పులుపు ఏ ఆమ్లం, గంజి ఎలా మారింది అని చూసేది ఫుడ్ కెమిస్ట్రీ. పులియబెట్టిన లాక్టిక్ బ్యాక్టీరియాను చూసేది మైక్రోబయాలజీ. ఉడికిన అన్నం వెచ్చగా ఎక్కువసేపు ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉందని, పులుపు బాగా పెరిగాక దానికి ఎదగడం కష్టమని చెప్పేదీ అదే శాస్త్రం. తిన్నవాడి ఒంటికి ఏం అందిందో చూసేది న్యూట్రిషన్. దీన్ని ప్యాకెట్‌లో పెట్టి భువనేశ్వర్ రైల్వే స్టేషన్‌లో అమ్మాలంటే ఏ ప్యాకింగ్, ఎంత వేడి, ఎన్ని రోజులు అని లెక్కకట్టేది ఫుడ్ ఇంజనీరింగ్, టెక్నాలజీ. తినేవాడికి అది నచ్చిందా అని అడిగేది సెన్సరీ సైన్స్.

ఎవరి పని వాళ్ళు చేసుకుంటే సరిపోదా? మధ్యలో ఇంకో మనిషి ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. నాకు మాత్రం జవాబు చెప్పాలనిపించేది ఇదే.

కొన్నేళ్ళ క్రితం మేము చోడి (రాగి) అంబలి మిక్స్ ఒకటి చేశాం. చోళ్ళు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి, పిండి పట్టి, వేడినీళ్ళలో కలిపితే అంబలి అయ్యేలా. మొలకెత్తిన గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది గంజిని, అంటే పిండిపదార్థాన్ని, ముక్కలు చేస్తుంది కాబట్టి అంబలి పలచబడుతుంది. మా న్యూట్రిషన్ మేడమ్‌కి ఇది పండగ. ఎందుకంటే చంటిపిల్లల పొట్ట చిన్నది, చిక్కటి జావ నాలుగు చెంచాలకే నిండిపోతుంది. పలచగా ఉంటే అదే గిన్నెలో ఇంకాస్త పిండి కలపొచ్చు, బిడ్డకు బలం ఎక్కువ అందుతుంది. కాగితం మీద అంతా బాగుంది.

రాయగడ వైపు ఒక ఊళ్ళో పెద్దవాళ్ళకు రుచి చూపించాం. పొలానికి వెళ్ళే ఆడవాళ్ళు ఒక్కొక్క గ్లాసు తాగారు. ఒకావిడ గ్లాసు కింద పెట్టి, "ఇది అంబలి కాదు, అంబలి కడిగిన నీళ్ళు. ఇది తాగి వెళితే పది గంటలకే ఆకలేస్తుంది" అంది. పక్కనే ఒక ముసలమ్మ మాండియా జావు (చోడి అంబలికి ఒడియా పేరు) ఇలా ఉండదని ఒడియాలో నాకు పాఠం చెప్పింది.

ఆ సాయంత్రం గెస్ట్ హౌస్‌లో మా సైంటిస్టులు ముగ్గురికీ మూడు అభిప్రాయాలు. కెమిస్ట్రీ ఆయన ఎంజైము పని అదే కదా అన్నాడు. న్యూట్రిషన్ మేడమ్ పలచదనమే మన గెలుపు అంది. ఇంజనీరు వేయించే వేడి పెంచితే ఎంజైము చచ్చి చిక్కదనం తిరిగొస్తుంది, కానీ రంగు, కమ్మదనం మారతాయి, కరెంటు బిల్లు కూడా పెరుగుతుంది అన్నాడు. ముగ్గురూ చెప్పింది నిజమే. తప్పు ఎక్కడంటే, బిడ్డకు వరమైనది కూలికి వెళ్ళే మనిషికి లోపమవుతుందని పని మొదలుపెట్టేటప్పుడు ఎవరూ అడగలేదు. చివరికి రెండు మిక్సులు చేశాం. పిల్లలది మొలకల పిండితో, తక్కువ వేడి మీద ఆరబెట్టి. పెద్దవాళ్ళది దోరగా వేయించిన గింజతో.

మధ్యలో మనిషి కావాల్సింది ఇక్కడే. నలుగురిలో తెలివైనవాడు కానక్కర్లేదు. నలుగురి భాషా అర్థమవాలి, గ్లాసు కింద పెట్టిన ఆవిడ మాట ఎంజైము లెక్కల్లోకి తర్జుమా చేయగలగాలి.

ల్యాబ్‌లో బాగా వచ్చింది పెద్ద బ్యాచ్‌లో ఎందుకు పాడవుతుంది?

నాకు జరిగిందే చెబుతాను, తప్పు నాదే. అదే చోడి మొలకలు ఒక కిలో ట్రేలో పలచగా పరిచి ఆరబెడితే సాయంత్రానికి గలగలలాడాయి. అదే ధీమాతో యాభై కిలోలు పెట్టాం. ట్రేలు చాలక మందంగా పరిచాను. పొద్దున వెళ్ళి తలుపు తీస్తే పులిసిన వాసన. పైపొర ఎండింది, అడుగు పొర తడిగా, వెచ్చగా ఉంది. బూజుకి అంతకన్నా ఏం కావాలి?

బరువు యాభై రెట్లు పెరిగితే గాలి తగిలే ఉపరితలం యాభై రెట్లు పెరగలేదు, అంతే సంగతి. అమ్మ అరకిలో వడియాలు పెట్టడానికీ, పెళ్ళికి ఇరవై కిలోలు పెట్టడానికీ తేడా ఏ ఇంటావిడకైనా తెలుసు. నాకు ఎమ్మెస్సీ ఉండి కూడా ఆ రోజు తట్టలేదు. ఇంజనీరు వచ్చి పొర మందం తగ్గించి, గాలి వేగం పెంచి, వేడిని మాత్రం పెంచకుండా ఆపాడు. వేడి ఒక్కసారిగా పెంచితే కొన్ని పదార్థాల్లో పైన పెచ్చు కట్టి, లోపలి తేమ బయటికి రాకుండా బిగుసుకుపోతుంది. దీనికి పుస్తకాల్లో కేస్ హార్డెనింగ్ అని పేరు.

ఈ ఉద్యోగంలో సగం జీతం ఇలాంటి పొద్దుళ్ళను తట్టుకున్నందుకే ఇస్తారని నా అనుమానం.

మన జిల్లాల్లో రీసెర్చ్ చేయడానికి ఏముంది? అంతా బెంగళూరు, హైదరాబాద్‌లోనే కదా?

పెద్ద ల్యాబులు అక్కడే ఉన్నాయి, నిజమే. కానీ సమస్యలన్నీ ఇక్కడ ఉన్నాయి, మంచి సమస్యలు.

జీడిమామిడితో మొదలుపెడదాం. గంజాం, గజపతి తోటల నుంచి సరిహద్దు దాటి పలాస దాకా అందరి కళ్ళూ గింజ మీదే. పండు బరువు గింజకు ఐదు నుంచి పది రెట్లు ఉంటుంది. అందులో విటమిన్ సి నారింజ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అయినా తోటలో కుళ్ళిపోతుంది. కారణాలు రెండు. కోసిన రోజే పులవడం మొదలవుతుంది. రెండోది వగరు, గొంతు పట్టేసే టానిన్లు. రసంలో అన్నం గంజి కలిపి కాసేపు ఉంచితే టానిన్లు గంజితో ముద్దకట్టి అడుగుకి దిగుతాయి, పైన తేరిన రసంలో వగరు చాలా తగ్గుతుంది. కేరళలో ఈ పద్ధతి ఎప్పట్నుంచో వాడుకలో ఉంది. ఇక్కడ కెమిస్ట్రీ తేలికే. కష్టమంతా పండును తోట నుంచి రసం తీసే చోటికి కొన్ని గంటల్లో చేర్చడంలో ఉంది. గోవాలో అదే పండుతో ఫెనీ కాచి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. మనం ఆవులకు వేస్తున్నాం.

మొగలిపువ్వు. ఛత్రపూర్, చికిటి వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. గంజాం కేవడా పువ్వుకీ, దాని నుంచి తీసే రూహ్‌కీ (సుగంధ నూనెకీ) భౌగోళిక గుర్తింపు ఉంది. వాసన ఉండేది మగ పూలలో. తెల్లవారకముందే కోసి రాగి దేగిసాల్లో ఆవిరి పడతారు. ఆ వాసనలో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థమే. ఆ ఒక్కటి కృత్రిమంగా తయారుచేయడం సులువు కాబట్టి బజారులో కల్తీ కేవడా నీళ్ళు బోలెడు. అసలుదేదో నకిలీదేదో తేల్చే పరీక్ష, బట్టీలో తక్కువ కట్టెలతో ఎక్కువ నూనె తీసే పద్ధతి, ఈ రెంటి మీదా ఒక మనిషి జీవితమంతా పని చేయొచ్చు.

సాలూరు ఘాట్ ఎక్కితే పొట్టంగి. అక్కడి ఎత్తైన ప్రాంతపు పరిశోధన కేంద్రం నుంచి రోమా, సురోమా, రంగా, రశ్మి అనే పసుపు రకాలు, సుప్రభ, సురుచి అనే అల్లం రకాలు వచ్చాయి. రాయగడ పక్కనున్న కంధమాల్ జిల్లా పసుపుకి 2019లో, కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జయపురంలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం ఉంది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. 2017లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ వల్ల చోళ్ళకు మళ్ళీ ధర పలుకుతోంది. కొన్న చోళ్ళను నెలల తరబడి పాడవకుండా ఉంచడం, పిండికి ఎక్కువ రోజుల నిల్వ తేవడం మాబోటి వాళ్ళ పనే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పాలనిపించదు కానీ. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో మామిడి జీడి అంబలి తిన్నవాళ్ళు చనిపోయారు. అది ఆకలి చావా, విషాహారమా అన్న గొడవ దేశమంతా నడిచింది. మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, వగరు పోయేదాకా నానబెట్టి, కరువు నెలల్లో వండుకోవడం కొండవాళ్ళకు తరతరాల అలవాటు. సరిగ్గా ఎండి పొడిగా ఉంటే తినేదే. వానాకాలంలో చెమ్మ తగిలి బూజు పడితే విషం. చూడండి, ఇందులో ఎన్ని శాస్త్రాలు ఉన్నాయో: ఎండబెట్టడం ఇంజనీరింగ్, బూజు మైక్రోబయాలజీ, వగరు కెమిస్ట్రీ, అసలు ఆ జీడి తప్ప ఇంట్లో వేరే తిండి లేకపోవడం ఇవేవీ కాని ఇంకో ప్రశ్న. నేను ఈ రంగంలోకి రావడానికి ఈ వార్త కారణమని చెప్తే అబద్ధం. ఉండిపోవడానికి మాత్రం ఒక కారణం.

మా అమ్మాయి బైపీసీ. అబ్బాయి ఎంపీసీ. ఎవరికి పనికొస్తుంది?

ఇద్దరికీ, వేరువేరు తలుపుల నుంచి. ఎంపీసీ అయితే జేఈఈ మెయిన్ రాసి కుండ్లి, తంజావూరులోని నిఫ్టెమ్‌లలో (జాతీయ ఆహార సాంకేతిక సంస్థల్లో) ఫుడ్ టెక్నాలజీ బీటెక్. ఈ రెండూ 2021 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలయ్యాయి. తంజావూరుది మొదట్లో వరి ప్రాసెసింగ్ పరిశోధన కేంద్రం. జేఈఈ అడ్వాన్స్‌డ్ వస్తే ఖరగ్‌పూర్ ఐఐటీలో అగ్రికల్చరల్ అండ్ ఫుడ్ ఇంజనీరింగ్.

బైపీసీ అయితే మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్ లాంటి బీఎస్సీ చేసి ఎమ్మెస్సీలో ఫుడ్ వైపు తిరగడం మామూలు దారి. నేనూ కెమిస్ట్రీ బీఎస్సీ చేసినవాణ్ణే.

నన్నడిగితే డిగ్రీలోనే అన్నీ కొంచెం కొంచెం నేర్పే కోర్సు కన్నా, ఒక్క సబ్జెక్టు గట్టిగా పట్టించే కోర్సు మేలు. వారధి కట్టాలంటే ముందు ఒక ఒడ్డున గట్టి నేల కావాలి కదా. దీనికి ఒప్పుకోని తోటివాళ్ళు ఉన్నారు, నిఫ్టెమ్ వాళ్ళు మరీనూ.

పీజీ ఎక్కడ? గేట్ రాయాలా?

మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ) పేరు ముందు చెప్తాను, పక్షపాతం అనుకున్నా సరే. 1950లో చెలువాంబ మహల్‌లో మొదలైంది. గేదె పాలతో పిల్లల పాలపొడి చేసే పద్ధతిని దేశానికి ఇచ్చింది ఈ ల్యాబే. గేదె పాలలో కొవ్వు ఎక్కువ, పిల్లలకు అరగదని అప్పట్లో వాదించేవారు. అదే మైసూరులో సైన్యం తిండి కోసం డీఎఫ్‌ఆర్‌ఎల్ అనే ల్యాబ్ 1961లో మొదలైంది. హైదరాబాద్‌లో రెండు ముఖ్యమైనవి: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ వచ్చింది, రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ. చేపల మీద ఆసక్తి ఉంటే కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్, దానికి విశాఖలో కేంద్రం ఉంది. పాలకు కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ.

పీజీ కోసం రాసే జాతీయ పరీక్ష గేట్‌లో ఫుడ్ టెక్నాలజీ రెండు చోట్ల ఉంటుంది. ఇంజనీరింగ్ వాళ్ళకు ఎక్స్‌ఈ పేపర్, అందులో లెక్కలు తప్పనిసరి. బయాలజీ వాళ్ళకు ఎక్స్‌ఎల్ పేపర్, అందులో కెమిస్ట్రీ తప్పనిసరి. మన బైపీసీ పిల్లలు ఈ రెండోదాన్ని గమనించక, గేట్ మనది కాదనుకుని వదిలేస్తుంటారు. పాపం.

బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది కదా, అక్కడ తెలుగువాళ్ళకు సీటు రాదా?

తెలుగువాడివా అని కాదు, ఎక్కడ చదివావు అని అడుగుతారు. ఆంధ్ర ఈఏపీసెట్ (పాత ఎంసెట్) సీట్లలో 85 శాతం స్థానికులకే. ఒడిశాలో చదివిన మన పిల్లలు ఆ లెక్కలోకి రారు, మిగతా 15 శాతానికి కూడా తల్లిదండ్రుల నివాసం లాంటి షరతులు ఉన్నాయి. ఇచ్ఛాపురంలో బస్సు దిగితే మనవాళ్ళం, కౌన్సెలింగ్ హాల్లో పరాయివాళ్ళం. ఆ కోపం నాకూ ఉంది. జాతీయ పరీక్షలు రాయండి, అక్కడ ఈ గొడవ లేదు. భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓయూఏటీ, కోరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా చూసుకోండి. మన రాష్ట్రం ఇచ్చేది మనం తీసుకోకపోతే ఎలా?

ఒడియా మీడియంలో చదివాను. ఇంగ్లీషుకి టెన్షన్‌గా ఉంది.

మొదటి ఏడాది ఉంటుంది. తర్వాత పోతుంది. పైగా ఫీల్డుకి వెళ్ళినప్పుడు మీ ఒడియా, మీ తెలుగు, వస్తే కొండవాళ్ళ భాష కువీ నాలుగు ముక్కలు, ఇవే మీ ఆస్తి. ఢిల్లీ నుంచి వచ్చిన మా పెద్ద సైంటిస్టు గ్లాసు కింద పెట్టిన ఆవిడ మాట అర్థంకాక నవ్వుతూ తల ఊపాడు.

జీతం ఎంత? ఉన్నదున్నట్టు చెప్పండి.

నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000. 2023 జనవరి నుంచి ఈ లెక్క. ఇంటద్దె అదనం. సీఎఫ్‌టీఆర్ఐ లాంటి ల్యాబులు నడిపే సీఎస్‌ఐఆర్‌లో సైంటిస్టు పోస్టు ఏడో పే కమిషన్‌లో 11వ లెవెల్, మూలవేతనమే 67,700. వ్యవసాయ పరిశోధన మండలిలో ఏఆర్‌ఎస్ పరీక్ష ద్వారా సైంటిస్టు అయితే మొదటి మూలవేతనం 57,700. చూడ్డానికి బాగుంటాయి. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలియదు. ఆ మధ్యలో ప్రాజెక్టు ఉద్యోగాలు చేస్తూ ముప్పై దాటినవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. ప్రాజెక్టు అయిపోతే జీతం అయిపోతుంది.

కంపెనీల్లో మొదట్లో సాఫ్ట్‌వేర్ స్నేహితుల ముందు చెప్పుకునేంత ఉండదు. ఐదారేళ్ళకు చేతిలో రెండు మూడు ప్రొడక్టులు బజారులో నిలిచినవి ఉంటే అప్పుడు మనమాట చెల్లుతుంది. గవర్నమెంట్ ఉద్యోగం వస్తుందనే ఆశ ఒక్కదానితో ఈ రంగంలోకి రావద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

పీహెచ్‌డీ తప్పనిసరా?

సంస్థల్లో సైంటిస్టు కావాలంటే దాదాపు అంతే. కంపెనీలో అక్కర్లేదు. ముందు రెండేళ్ళు ఫ్యాక్టరీ వాసన చూసి, అక్కడ తేలని ప్రశ్న ఒకటి మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే అప్పుడు పీహెచ్‌డీకి వెళ్ళండి.

అమ్మాయిని పంపొచ్చా? నైట్ షిఫ్టులు ఉంటాయా?

నా బ్యాచ్‌లో అమ్మాయిలే ఎక్కువ. ప్రొడక్షన్‌లో షిఫ్టులు ఉంటాయి, పరిశోధనలో తక్కువ. ట్రయల్ బ్యాచ్ ఉన్న రోజు ఆలస్యమవుతుంది, అది అబ్బాయిలకీ అంతే. ఈ ప్రశ్న అబ్బాయి గురించి నన్ను ఇంతవరకు ఒక్క నాన్నా అడగలేదు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

మార్కుల కన్నా 'ఎందుకు' అని ఎక్కువ అడుగుతారు. నన్ను అడిగిన ప్రశ్న: ఆవకాయలో అంత తడి ఉంది కదా, ఎందుకు చెడదు?

పులుపు, నూనె అని మొదలుపెట్టాను. అవీ నిజమే, కానీ వాళ్ళకు కావాల్సింది నీటి చలనం, అంటే వాటర్ యాక్టివిటీ. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది కాదు, క్రిమికి అందుబాటులో ఎంత ఉందన్నది లెక్క. స్వచ్ఛమైన నీటికి ఒకటి. దాదాపు 0.91 కిందకు దిగితే చాలా బ్యాక్టీరియా పెరగలేవు, 0.60 కిందకు దిగితే ఏ క్రిమీ పెరగదు. ఉప్పు నీటిని పట్టేసుకుంటుంది. అందుకే తడిగా కనిపించే ఆవకాయ ఏడాది నిలుస్తుంది, దాదాపు పొడిగా కనిపించే కేకు నాలుగు రోజులకే బూజు పడుతుంది. ఈ ఒక్క భావన బాగా పట్టుకుంటే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే. మిగతా సగానికి, పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లే ఎందుకు ఉంచుతారో తెలుసుకుని వెళ్ళండి.

చదువయ్యాక ఊళ్ళోనే సొంత యూనిట్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న యూనిట్లకు బ్యాంకు అప్పుతో ముడిపెట్టి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. మీరు వెళ్ళే నాటికి ఏ నిబంధన ఉందో జిల్లా ఆఫీసులో అడగండి. కానీ జీడిపప్పు యూనిట్ ఆయనకు చెప్పిందే మీకూ చెప్తాను: మెషీన్ కొనకముందు నిల్వ పరీక్ష చేయించండి. 38 డిగ్రీల వేడి, 90 శాతం గాలి తేమ ఉన్న గదిలో ప్యాకెట్లు పెట్టి ఎన్నాళ్ళు నిలుస్తాయో ముందే చూసే పద్ధతి ఉంది. గోపాల్‌పూర్ దగ్గర వానాకాలం గాలి తేమ దానికి పెద్ద తేడాగా ఏం ఉండదు. ఆయన వినలేదు. ముందు మెషీన్ కొన్నాడు, కవరు చవకదని పలచటిది వాడాడు. ఆగస్టులో వేయించిన పప్పు మెత్తబడి సరుకు వెనక్కి వచ్చింది.

ఇప్పుడు ప్లస్ టూలో ఉన్నాను. ఇప్పటినుంచే ఏమైనా చేయొచ్చా?

కోచింగ్ సంగతి అడుగుతున్నట్టయితే నా దగ్గర జవాబు లేదు. ఇది చేయండి. గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు ఒకటి సంపాదించండి, బంగారం కొట్టువాళ్ళ దగ్గర ఉంటుంది, ఆన్‌లైన్‌లో చవకే. ఒకే కట్టలోని అప్పడాలు మూడు వాటాలు చేయండి. ఒకటి మూత బిగిసే స్టీలు డబ్బాలో, ఒకటి మామూలు ప్లాస్టిక్ కవరులో, ఒకటి పళ్ళెంలో మూత లేకుండా. వానాకాలంలో, ప్రతి ఆదివారం ఒకే వేళకు తూచి రాయండి. ఆ రోజు వాన ఉందా, ఎండ ఉందా అదీ రాయండి. ఒక్కో వాటా నుంచి ఒక్కో అప్పడం వేయించి ఎంత పొంగిందో స్కేలుతో కొలవండి, తినిపించి ఇంట్లోవాళ్ళ మాట రాయండి. నెల రోజుల్లో మీ నోటుబుక్‌లో ఒక గ్రాఫు వస్తుంది. ప్యాకింగ్, తేమ, కరకరలాడటం, మనిషి నాలుక, నాలుగూ ఒకే కాగితం మీద ఉంటాయి.

మా వీధిలో ఒక అమ్మాయి పోయినేడు ఈ పని చేసి నోటుబుక్ ఫొటోలు పంపింది. మూడో వారం గడిలో "చుట్టాలొచ్చారు, పళ్ళెంలోవి అయిపోయాయి" అని ఉంది. దాని కిందే, వేయించబోయే ముందు తూచిన బరువు రాసి ఉంది.